బడి రిజిస్టరులో మన పిల్లల వివరాలు

బడిలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. దాని అట్ట గట్టిగా ఉంటుంది. హెడ్మాస్టరు గారి గదిలో, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దాన్ని అడ్మిషన్ రిజిస్టరు అంటారు. ప్రవేశ పట్టిక అని కూడా అనొచ్చు. కాని ఊళ్లో ఎవరూ అలా అనరు. రిజిస్టరు అనే అంటారు.

పిల్లను మొదటిసారి బడిలో వేసిన రోజున ఆ పుస్తకంలో ఒక వరుస నిండుతుంది. నంబరు, పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, మాతృభాష, చేరిన తేదీ. బడి మారినప్పుడు, వెళ్లిపోయిన తేదీ కూడా అదే వరుసలో రాస్తారు. ఆ వరుస చూసే టి.సి. రాసిస్తారు. ఈ పుస్తకాన్ని పారేయకూడదు. పాత బడులకు వెళితే తాతల కాలం నాటి పేర్లు కూడా కనిపిస్తాయి.

పుట్టుమచ్చలు కూడా రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్ మీద రెండు పుట్టుమచ్చలు ఉంటాయి. ఈ సర్టిఫికెట్ ఈ పిల్లదే అని గుర్తు పట్టడానికి అవి పనికొస్తాయి. చేతి మీద, ముఖం మీద, మెడ మీద ఉన్నవి రాస్తే చాలు. బట్టల చాటున ఉన్న మచ్చలను ఎవరూ అడగకూడదు, చూడకూడదు. ఆడపిల్లల మచ్చలు టీచరమ్మ చూసి రాయడం మంచిది. ఈ సంగతి తల్లులు ముందుగానే పిల్లలకు చెప్పాలి.

ఒకప్పుడు చాలా చోట్ల తండ్రి పేరే రాసేవారు. ఇప్పుడు తల్లి పేరూ రాస్తారు. అయితే తల్లి పేరు ఎలా రాశారో చూసుకోవాలి. రేషన్ కార్డులో వెంకట లక్ష్మమ్మ అని ఉంటుంది. ఆధార్‌లో లక్ష్మి అని ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. మనిషి ఒక్కతే. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. అలాంటప్పుడు డబ్బు ఆగిపోతుంది.

ఒకే పిల్లకు మూడు పుట్టినరోజులు

రిజిస్టరులో అన్నిటికంటే బరువైనది పుట్టిన తేదీ. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడుకోవాలి.

ఒక తల్లి ఉంది. ఆమె పేరు నరసమ్మ అనుకుందాం. ఆమె కూతురు 2010 నవంబరు 20న పుట్టింది. 2015 జూన్‌లో బడిలో వేయడానికి తీసుకెళ్లింది. అప్పటికి పిల్లకు నాలుగున్నర ఏళ్లు. "అయిదేళ్లు నిండాలి కదమ్మా" అన్నారు పంతులు గారు. "పొలం పనులు మొదలయ్యాయి సార్. ఇంట్లో చూసేవాళ్లు లేరు. ఎట్లాగో చేర్చుకోండి" అని బతిమాలింది నరసమ్మ. పంతులు గారు జాలిపడి 2010 జూన్ 1 అని రాశారు. పిల్ల బడిలో చేరింది. అందరూ సంతోషించారు.

మన ఊళ్లలో పెద్దవాళ్లను అడిగి చూడండి. ఎంతమంది జూన్ 1న పుట్టారో, ఎంతమంది జూలై 1న పుట్టారో! అందరూ ఆ రోజునే పుట్టలేదు. బడులు తెరిచే రోజులు అవి.

ఆధార్ తీసుకునే రోజున నరసమ్మ దగ్గర కాగితం లేదు. పుట్టిన ఏడు మాత్రమే చెప్పింది. కార్డు మీద 2010 జనవరి 1 అని వచ్చింది. పంచాయతీ ఇచ్చిన పుట్టుక సర్టిఫికెట్‌లో నవంబరు 20 ఉంది. ఒక్క పిల్లకు మూడు పుట్టినరోజులయ్యాయి.

దీనివల్ల ఏమవుతుంది? స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టినప్పుడు తేదీలు కలవవు. దరఖాస్తు వెనక్కి వస్తుంది. అది చిన్న కష్టం. పెద్ద కష్టం ఇంకొకటి ఉంది.

ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదు. 2006లో వచ్చిన బాల్య వివాహాల నిషేధ చట్టం ఈ మాట చెబుతోంది. ఎవరైనా పెళ్లి ఆపాలని వస్తే మొదట అడిగేది వయసు. అప్పుడు బడి రిజిస్టరు బయటికి వస్తుంది. పిల్లల రక్షణ కేసుల్లో వయసు ఎలా తేల్చాలో 2015 జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గాని, పదో తరగతి సర్టిఫికెట్ గాని చూడాలి. అవి లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ సర్టిఫికెట్ చూడాలి. అదీ లేకపోతే అప్పుడు డాక్టరు ఎముకల పరీక్ష చేస్తారు.

నరసమ్మ కూతురుకు నిజంగా 18 నిండేది 2028 నవంబరు 20న. రిజిస్టరు ప్రకారం జూన్ 1కే నిండుతుంది. మధ్యలో అయిదున్నర నెలలు. ఆ అయిదున్నర నెలల్లో సంబంధం తెచ్చి పెళ్లి పెట్టారనుకోండి. "కాగితం మీద మేజరు" అంటారు. పిల్లకు చట్టం అండ దొరకడం కష్టమవుతుంది. చేర్చుకోవడానికి జాలిపడి రాసిన ఒక్క తేదీ అంత పని చేస్తుంది.

సరిగ్గా రాసిన తేదీ ఇందుకు ఎదురుగా పనిచేస్తుంది. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా మేనమామ వాళ్లు "పద్దెనిమిది దాటాయి" అని వాదిస్తారు. బడిలో ఉన్న ఆ ఒక్క వరుస "లేదు, పద్నాలుగే" అంటుంది. 1098 నంబరుకు ఫోను చేసినవాళ్లకు ఆ వరుసే బలం.

పుట్టుక సర్టిఫికెట్ లేదని పిల్లను బడి నుంచి వెనక్కి పంపకూడదు. ఇది 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షనులో ఉంది. టి.సి. రావడం ఆలస్యమైందని కూడా చేర్చుకోకుండా ఉండకూడదు. అలా అని సర్టిఫికెట్‌ను వదిలేయవద్దు. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు పుట్టుక సర్టిఫికెట్టే తేదీకి రుజువు. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో అలా మార్చారు. బిడ్డ పుట్టిన 21 రోజుల లోపల చెప్పి రాయించుకోవాలి.

పుస్తకం నుంచి కంప్యూటరుకు

ఇప్పుడు వివరాలు పుస్తకంలోనే ఆగడం లేదు. కంప్యూటరులోకి వెళుతున్నాయి. దేశంలోని బడులన్నిటి లెక్క యూడైస్ ప్లస్ అనే చోట ఉంటుంది. ముందు బడికి ఇంతమంది పిల్లలు అని మొత్తం లెక్క పంపేవారు. 2022-23 నుంచి ఒక్కొక్క పిల్ల పేరుతో పంపుతున్నారు. అపార్ అనే 12 అంకెల నంబరు కూడా వచ్చింది. పిల్ల మార్కులు, సర్టిఫికెట్లు ఆ నంబరు కింద చేరతాయి.

దీనివల్ల మేలు ఉంది. ఏ బడికి ఎన్ని పుస్తకాలు, ఎన్ని జతల బట్టలు కావాలో తెలుస్తుంది. మధ్యాహ్న భోజనానికి ఎంత బియ్యం కావాలో తెలుస్తుంది. లేని పిల్లలను ఉన్నట్టు రాసి బియ్యం తినేవాళ్ల ఆట కొంత కడుతుంది. వలస పోయిన తల్లిదండ్రుల పిల్ల ఏ బడిలోనూ కనిపించకపోతే వెతకవచ్చు.

ప్రమాదమూ ఉంది. బీరువాలో పుస్తకాన్ని చూడాలంటే తాళం కావాలి. ఆ గదికి రావాలి. పుస్తకాన్ని తీసుకెళ్తే ఖాళీ కనిపిస్తుంది. కంప్యూటరులోది తీసుకెళ్తే ఖాళీ కనిపించదు. ఒక్క పాస్‌వర్డ్ తెలిస్తే వందల పిల్లల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు ఒక్క నిమిషంలో వెళ్లిపోతాయి. కొన్ని ఆఫీసుల్లో ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు! ఇంటికి తాళం వేసి, తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు.

పనివాళ్లు తక్కువైన బడుల్లో ఇంకో సంగతి జరుగుతుంది. తరగతి పిల్లల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ ఒక పట్టీగా చేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. "మీ పిల్ల వివరాలు సరిచూసుకోండి" అంటారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ గ్రూపులో నలభై ఇళ్లవాళ్లు ఉంటారు. ఒకరి ఖాతా నంబరు నలభై మందికి తెలియాల్సిన పని లేదు. అలాంటి పట్టీ కనిపిస్తే "సార్, ఇది తీసేయండి. ఎవరిది వాళ్లకే చూపించండి" అని చెప్పవచ్చు. చెప్పడం తప్పు కాదు.

కులం వివరం బడికి కావాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు స్కాలర్‌షిప్‌లు, హాస్టలు సీట్లు దాన్ని బట్టే వస్తాయి. అయితే తరగతిలో అందరి ముందు "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని అనాల్సిన అవసరం లేదు. రిజిస్టరులో రాసి ఉన్నప్పుడు పిల్లను నిలబెట్టి అడగడం ఎందుకు? ఆ నిలబడ్డ పిల్ల మనసులో ఏముంటుందో నిలబడ్డవాళ్లకే తెలుసు. ఆరోగ్యం సంగతి కూడా ఇంతే. రక్తం తక్కువగా ఉందని, నెలసరిలో ఇబ్బంది ఉందని ఆడపిల్ల టీచరమ్మకు చెబుతుంది. అది టీచరమ్మ దగ్గరే ఉండాలి. హెచ్.ఐ.వి. ఉన్న పిల్ల సంగతి బయట పెట్టకూడదని 2017లో వేరే చట్టమే వచ్చింది.

ఫోను మోగింది

ఆంధ్రప్రదేశ్‌లో బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేస్తోంది. 2020లో అమ్మ ఒడి పేరుతో మొదలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో ఒక్కొక్క పిల్లకు 13,000 రూపాయలు పడ్డాయి. ఈ డబ్బు పడే రోజుల్లో మోసగాళ్ల ఫోన్లు మోగుతాయి.

"అమ్మా, తల్లికి వందనం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ అమ్మాయి తొమ్మిదో తరగతి కదా?"

"అవునయ్యా."

"మీ డబ్బు ఆగింది. మీ ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది. అది చెప్పండి. సాయంత్రానికి డబ్బు పడుతుంది."

నరసమ్మ నమ్మబోయింది. పిల్ల పేరు తెలుసు. తరగతి తెలుసు. బడి పేరు తెలుసు. ఆఫీసువాళ్లు కాకపోతే ఇవన్నీ ఎలా తెలుస్తాయి అనుకుంది. పక్కింటి సుబ్బులు గోడ మీద నుంచి విని పరుగున వచ్చింది.

"వదినా, ఆగు! ఆ నంబరు చెప్పకు. అది మన బ్యాంకు తాళంచెవి."

"వాళ్లకు మన పిల్ల పేరు తెలుసు కదా సుబ్బులూ?"

"పేరు తెలిస్తే ఆఫీసువాళ్లేనా? మన పిల్లల పట్టీ వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది కదా!"

సుబ్బులు చెప్పింది నిజం. వివరాలు తెలిసినవాడు మనవాడు కాదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకూడదు. ఏ ప్రభుత్వ ఆఫీసూ ఫోనులో ఓటీపీ అడగదు. చెప్పేశాక తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే డబ్బు చేతులు మారి పోతుంది.

ఇంకో రకం ఫోన్లు పదో తరగతి పరీక్షలప్పుడు వస్తాయి. ఫలితాలు రాకముందే కాలేజీల పి.ఆర్.ఓ.లు ఫోను చేస్తారు. "మీ అబ్బాయికి సీటు ఉంచాం, ఇప్పుడే అయిదు వేలు కట్టండి" అంటారు. ఇంటికి కూడా వస్తారు. వాళ్లకు నంబరు ఎలా వెళ్లింది? బడి నుంచో, ట్యూషన్ నుంచో, ఎక్కడో నింపిన ఫారం నుంచో ఎవరో ఇచ్చి ఉంటారు. బడికి నంబరు ఇచ్చింది పిల్లకు జ్వరం వస్తే చెప్పడానికి. కాలేజీలకు అమ్మడానికి కాదు. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో గట్టిగా అడగాల్సిందే.

చట్టం ఏమంటుంది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక తీర్పు చెప్పారు. మనిషి సొంత విషయాలను కాపాడుకోవడం ప్రాథమిక హక్కు అన్నారు. దీన్ని గోప్యతా హక్కు అంటారు. 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద తీర్పు వచ్చింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు అని అందులో ఉంది. పిల్లల ఆధార్‌కు తల్లిదండ్రుల సమ్మతి కావాలని కూడా ఉంది. ఆధార్ లేదని పిల్లను బయట నిలబెడితే ఈ తీర్పు సంగతి చెప్పవచ్చు.

2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు ఒక చట్టం చేశారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమలులోకి రావాలి. 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ ఈ చట్టం పిల్లలుగానే చూస్తుంది. పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లి గాని తండ్రి గాని సమ్మతి ఇవ్వాలి. పిల్లల వివరాలతో వాళ్లకు ప్రకటనలు గురిపెట్టకూడదు. పిల్లల విషయంలో ఈ చట్టాన్ని మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్రభుత్వ పథకం డబ్బు ఇవ్వడానికి వివరాలు తీసుకోవచ్చు. బడులు చదువు కోసం, పిల్లల భద్రత కోసం వాళ్ల హాజరును, రాకపోకలను గమనించవచ్చు.

అపార్ నంబరుకు సమ్మతి పత్రం ఉంటుంది. దాని మీద తల్లి గాని తండ్రి గాని సంతకం చేస్తారు. పిల్ల బ్యాగులో పెట్టి ఇంటికి పంపి, "రేపు సంతకం పెట్టించుకు రా" అంటారు. చాలామంది చదవకుండానే సంతకం పెట్టి పంపేస్తారు. చదువు వచ్చినవాళ్లూ అంతే. ఇలాంటి కాగితాల్లో కొన్ని మాటలు వస్తాయి. వాటిని గుర్తు పట్టాలి.

సమ్మతి అంటే ఒప్పుకోవడం. ఐచ్ఛికం అంటే మన ఇష్టం, ఇవ్వకపోయినా ఫరవాలేదు. తప్పనిసరి అంటే ఇవ్వాల్సిందే. ఉపసంహరణ అంటే ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవడం.

కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమని టీచరును అడగాలి. ఎందుకు అడుగుతున్నారు, ఎవరికి పంపుతారు అని కూడా అడగాలి. ఖాళీలు వదిలిన కాగితం మీద సంతకం పెట్టకూడదు.

జెరాక్సు దగ్గర

జెరాక్సు షాపులో ఆధార్ కార్డు మరిచిపోయి వస్తుంటాం. చెడిపోయిన కాపీలు అక్కడే కింద పడేసి వస్తాం. వాటిని చింపి తెచ్చుకోవాలి. ఇప్పుడు ఫోటోను షాపువాళ్ల వాట్సాప్‌కు పంపి కాపీ తీయించుకుంటున్నారు. పని అయ్యాక "బాబూ, నా ముందే తీసేయి" అని చెప్పాలి.

కాపీ మీద అడ్డంగా ఒక మాట రాయవచ్చు: "బడిలో అడ్మిషన్ కోసం మాత్రమే." పక్కన తేదీ వేయాలి. అప్పుడు అదే కాపీతో ఇంకెవరైనా సిమ్ కార్డు తీసుకోవడం కష్టం. మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగే కనిపించే ఆధార్ కూడా ఉంది. దాన్ని మాస్క్‌డ్ ఆధార్ అంటారు. నెట్ సెంటరులో తీసి ఇస్తారు. ఆధార్ సంగతులకు 1947 నంబరు ఉంది. మనకు స్వాతంత్య్రం వచ్చిన ఏడు. మరిచిపోవడం కష్టం.

ఎవరిని అడగాలి

ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ఇలా చెబుతోంది. కమిటీ సమావేశంలో గోడలకు సున్నం, మరుగుదొడ్డి, భోజనం గురించి మాట్లాడతారు. పిల్లల వివరాల గురించి కూడా మాట్లాడవచ్చు. రిజిస్టరు తాళం ఎవరి దగ్గర ఉంది? కంప్యూటరులో ఎవరు ఎక్కిస్తున్నారు? బయటివాళ్లకు పట్టీ ఇచ్చారా?

తప్పు దిద్దించడం మాత్రం ఆలస్యం చేయకూడదు. పిల్ల చిన్న తరగతిలో ఉండగానే పుట్టుక సర్టిఫికెట్, ఆధార్, రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పదో తరగతిలో నామినల్ రోల్ తయారు చేస్తారు. అందులో ఉన్నదే సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది. అచ్చయ్యాక మార్చడం చాలా కష్టం. రిజిస్టరులో తేదీని హెడ్మాస్టరు తనంతట తాను కొట్టేసి రాయకూడదు. అర్జీ, రుజువు, పై అధికారి అనుమతి కావాలి. అర్జీ ఇలా రాయవచ్చు.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,

మా అమ్మాయి ........ మీ పాఠశాలలో ........ తరగతి చదువుతోంది. అడ్మిషన్ నంబరు ........ . రిజిస్టరులో పుట్టిన తేదీ ........ అని ఉంది. పంచాయతీ ఇచ్చిన పుట్టుక సర్టిఫికెట్‌లో ........ అని ఉంది. సర్టిఫికెట్ కాపీ దీనితో జత చేశాను. తేదీని సరిచేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
(తల్లి సంతకం)
ఊరు, తేదీ

అర్జీని రెండు కాపీలుగా రాయాలి. ఒకటి బడిలో ఇవ్వాలి. రెండో దాని మీద "అందింది" అని రాయించుకుని, తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోవాలి. అది రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఉండే సంచిలో పెట్టుకోవాలి. నెల దాటినా కబురు రాకపోతే ఆ కాపీ చేత పట్టుకుని మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లవచ్చు.